గండిపేట చెఱువు

గత సెలవులలో మేము పిల్లలతో మొయినాబాదుమీఁదుగా గండిపేట చెఱువునకుఁ బోయితిమి. గట్టున నున్న సాగరమహలు ఒకప్పుడు నిజాముప్రభువు వేసవివిడిది. ఆ వైభవము గతించినది. పిల్లలు పడవషికారునకై మారాము చేయఁగా, ఇది విహారమునకుఁ గాక ప్రాణరక్షణకై కట్టిన చెఱువని చెప్పితిమి.

1908 సెప్టెంబరులో మూసీవఱద హైదరాబాదున వేలమందిని పొట్టఁబెట్టుకొనెను. అట్టి యాపద మరల రాకుండుటకును, పురజనులకుఁ ద్రాగునీరు సమకూర్చుటకును మూసీపైఁ గట్టిన యీ యుస్మానుసాగరము 1920లో పూర్తియయ్యెను. అనంతగిరికొండలలోఁ బుట్టిన నది చేవెళ్లప్రాంతపు వాననీటితో ఇందుఁ జేరును.

జలాశయరక్షణకై 84 గ్రామములలో కర్మాగారములను, పెద్దహోటళ్లను అరికట్టుచు 1996లో విధించిన యాంక్షలు 2022లో తొలఁగింపఁబడినవి. సోదరీమణులారా, ఇంటి బిందెలోఁ జెత్త వేయనిత్తుమా? ఇదియు మన బిందెయే. వనభోజనము ముగిసినంత విస్తళ్లు, సీసాలు గట్టున విడువక వెంటఁ గొనిపోవుదము.