ఎండు రెల్లుమీద మిరియప్పొడి

పిల్లలూ, దసరా వచ్చేసరికి వంశధార, నాగావళి గట్లమీద రెల్లు తెల్లగా పూస్తుంది. ఆ పూత రాలి, సంక్రాంతి కూడా వెళ్ళాక, ఎండిన కాడల వంక ఎవరూ చూడరు. ఈ ఏడు మీరు చూడండి. ముదురు కాడ నొకదాన్ని తీసి వెలుతురులో పట్టుకుంటే, ఎవరో మిరియప్పొడి చల్లినట్టు నల్లని చుక్కలు కనిపించవచ్చు. తడివేలితో రుద్దండి. చెరిగిపోతే దుమ్ము. చెరగక, గోటికి గరుగ్గా తగిలితే అది బహుశా శిలీంధ్రం, అంటే బూజుకూ పుట్టగొడుగుకూ చుట్టం. చచ్చిన కాడను తిని మట్టిలో కలిపేది అదే.

మరి దాని పేరేమిటి? చుక్కను మాత్రమే చూసి చెప్పబోతే మోసపోతాం. ముందు అది ఏ మొక్కమీద వున్నదో తెలియాలి, ఎందుకంటే చాలా శిలీంధ్రాలు అన్ని మొక్కలమీదా పెరగవు. జమ్ముకాడకు కణుపులుండవు. కిక్కసగడ్డికి వెదురులాగా కణుపులుంటాయి, లోపల బోలు. రెల్లేమో చెరుకుకు దాయాది.

తరువాత భూతద్దం పట్టండి. చుక్క పైకి వచ్చిందా, కాడ చర్మం కింద దాగివున్నదా? నెత్తిన చిన్న రంధ్రముందా? నల్లని వెంట్రుకలున్నాయా?

అసలు గుట్టు సూక్ష్మదర్శినిలో బయటపడుతుంది. మీ బడిలో వుంటే మాస్టారి నడగండి. చుక్కను బ్లేడుతో పల్చగా కోసి (ఇది పెద్దవాళ్ళ పని), నీటిబొట్టులో వుంచి నాలుగువందల రెట్లు పెంచి చూస్తే, కొన్నిటిలో సన్నని సంచులుంటాయి. చిక్కుడుకాయలో గింజల్లాగా, సంచికి సాధారణంగా ఎనిమిదేసి సిద్ధబీజాలు! కొన్నిటిలో సంచులే వుండవు. సిద్ధబీజం గుండ్రమా, కోలా? రంగేమిటి? అడ్డగోడలెన్ని? పొడవు ఎన్ని మైక్రాన్లు? మిల్లీమీటరులో వెయ్యోవంతు మైక్రాన్. ఇవన్నీ రాసుకున్నా ఒక్కోసారి పేరు తేలదు. పండితులనే ఏడిపించే చుక్కలున్నాయి.

ఇంత తంటా ఎందుకంటారా? చెరుకు రైతు నడగండి. చెరుకు గడను ఎర్రగా కుళ్ళబెట్టే శిలీంధ్రాన్ని 1893లో వెంట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు జావాలో వర్ణించి, కొల్లెటోట్రైకమ్ ఫాల్కేటమ్ అని పేరు పెట్టాడు. ఫాల్కేటమ్ అంటే లాటిన్‌లో కొడవలిలా వంగినది. దాని సిద్ధబీజాలు అచ్చం కొడవళ్ళే. ఆ గడను నిలువునా చీలిస్తే ఎరుపు, ఎరుపుకు అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన. తెలియక ఆ ముక్కలనే విత్తనంగా నాటితే తెగులు కొత్త పొలానికి చేరుతుంది. 1900 ప్రాంతాల గోదావరి చెరుకుతోటలను అది నాశనం చేసింది. మనకు దగ్గరలో అనకాపల్లిలో 1913లోనే చెరుకు పరిశోధనకు కేంద్రం పెట్టారు. అన్నట్టు, రెల్లును చులకన చెయ్యకండి. 1912లో కోయంబత్తూరులో చెరుకును రెల్లుతో సంకరం చేసి, కో 205 అనే మొండి రకాన్ని పుట్టించారు.

మీకు చుక్కల కాడ దొరికితే కాగితపు పొట్లంలో వుంచి, మొక్క పేరు, వూరు, తేదీ పైన రాయండి. చేతులు కడుక్కోండి. ప్లాస్టిక్ సంచీలో మాత్రం పెట్టకండి. చెమ్మకు వేరే బూజు పట్టిందంటే, ఏటిగట్టునుంచి తెచ్చినదేదో, ఇంట్లో మొలిచినదేదో మీకే తెలియదు!