సోఫా మాటలో సుఫ్ఫా

ఉదయగిరి కొండ కింద మనవాళ్ళ ఇళ్ళల్లో తరతరాలుగా కొయ్య చెంచాలు చెక్కుతున్న సంగతి జిల్లా అంతటికీ తెలుసు. ఉర్దూలో చమ్చా, తెలుగులో చెంచా. మరి ఇంగ్లీషులో? స్పూన్ అని పసిపిల్లలు కూడా చెబుతారు. కాని పాత ఇంగ్లీషులో స్పూన్ అంటే చెంచా కాదు, చెక్కగా చెక్కగా రాలే కొయ్య పేడు. కొయ్యతో చెంచాలు చేసుకున్న రోజుల్లో ఆ పేరు చెంచాకు అంటుకుంది. తర్వాత వెండి వచ్చింది, స్టీలు వచ్చింది, పేరు మాత్రం కొయ్యదే. ఆ లెక్కన ఆ మాట పరువు ఈనాటికీ నిలబెడుతున్నది ఉదయగిరి పనివాళ్ళేనేమో!

ఈ ముచ్చట ఊరికే ఎత్తలేదు. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, మద్రసాలో అరబీ అలవాటే. మూడు భాషలు నేర్చిన పిల్లవాడు నాలుగోదాని ముందు తల దించుకుంటాడు. ఇంగ్లీషు పేపరుకు జడిసి పదో తరగతితో చదువు చాలించిన ఆడపిల్లలను మేము చూస్తూనే ఉన్నాము. ఆ భాషలో తమ ఇంటి మాటలే ఉన్నాయని వాళ్ళకు ఎవరు చెబుతారు?

కరెంటు బిల్లు మీద ‘టారిఫ్’ అని ఉంటుంది. అది అరబీ ‘తఅరీఫ్’. అంటే తెలియజేయడం. ఏ సరుకుకు ఎంత సుంకమో తెలిపే పట్టికకు ఇటలీ వర్తకులు ఆ పేరు పెట్టుకోగా, అక్కడి నుంచి ఇంగ్లీషుకు చేరింది. ఉర్దూలో అదే మాట తారీఫ్ అయి పొగడ్తగా మారింది. బిల్లు చూసి తారీఫ్ చేసేవారు మాత్రం లేరు! మ్యాగజైన్ సంగతీ అంతే. అరబీ ‘మఖ్జన్’ అంటే సరుకు దాచే చోటు. మన ఖజానాకు దగ్గరి చుట్టం. తుపాకీ మందు కొట్టుకు ఆ పేరే పెట్టారు. 1731లో లండన్‌లో ‘జెంటిల్మన్స్ మ్యాగజైన్’ వచ్చాక పత్రికలకూ స్థిరపడింది.

అన్నిటికంటే మా మనసును తాకిన మాట సోఫా. అరబీలో ‘సుఫ్ఫా’ అంటే అరుగు. మదీనాలో దైవప్రవక్త (స) మస్జిదులో వెనుకవైపు నీడగా కప్పిన ఒక చోటు ఉండేది. ఇల్లూ వాకిలీ లేని సహచరులు అక్కడే ఉండేవారు, అక్కడే నేర్చుకునేవారు. వారినే అస్‌హాబె సుఫ్ఫా అంటాము. హజ్రత్ అబూ హురైరా (ర) వారిలో ఒకరు. తినడానికి ఉన్న రోజు తిన్నారు, లేని రోజు పస్తున్నారు. ఆ అరుగు మాటే తుర్కీ వాళ్ళ ద్వారా యూరపుకు పోయింది. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారికి సోఫా అంటే తివాచీలు, దిండ్లు పరచిన ఎత్తయిన అరుగే. కుర్చీ రూపం తర్వాతది. నేడు పెళ్ళి మాటల్లో సోఫా సెట్టు ఇస్తారా అని అడిగే పెద్దలకు ఈ సంగతి తెలుసో లేదో.

తెలుగు కూడా తక్కువ తినలేదు. మన పందికొక్కు ‘బాండికూట్’ అయి ఇంగ్లీషులో దూరి, ఆస్ట్రేలియాలో కడుపు సంచి ఉన్న వేరే జంతువుకు పేరైంది. 1886లో యూల్, బర్నెల్ అనే దొరలు అచ్చు వేసిన నిఘంటువులో ఈ మాట ఉంది. ఆ నిఘంటువు పేరు ‘హాబ్సన్ జాబ్సన్’. ముహర్రంలో ‘యా హసన్, యా హుసైన్’ అన్న కేకలు తెల్ల సిపాయిల నోట అలా అయ్యాయి!

అయితే ఒక మాట. ఇంగ్లీషంతా అరబీ నుంచే పుట్టిందని కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. ‘ఎర్త్’ మన ‘అర్జ్’ అట, ‘కేవ్’ శుక్రవారం చదివే సూరాలోని ‘కహఫ్’ అట. రెండూ సరికాదు. ఎర్త్‌కు జర్మన్ భాషలో తోబుట్టువు ఉంది, కేవ్ లాటిన్ నుంచి వచ్చింది. లేని చుట్టరికం చెప్పి పిల్లలకు ధైర్యం ఇవ్వనక్కర లేదు. ఉన్నదే చాలినంత ఉంది. పెద్ద నిఘంటువుల్లో ప్రతి మాట దగ్గరా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాసి ఉంటుంది. ఈ వారం మీ అబ్బాయినో అమ్మాయినో ‘అడ్మిరల్’ దగ్గర తెరిచి చూడమనండి. ఏ అమీరు కనబడతాడో వాళ్ళే మీకు చెబుతారు.