పెరటి కొలిమి, నలుగురి పొత్తు

నా బాల్యంలో మా ఊరి రైతు కొడవలికి కక్కు కొట్టించడానికో, అరిగిన నాగలి కర్రు సాగగొట్టించడానికో కమ్మరి కొలిమికి పోయేటప్పుడు వట్టి చేతులతో పోయేవాడు కాదు. గంపెడు బొగ్గు నెత్తిన పెట్టుకొని పోయేవాడు. తన వంతు వచ్చినప్పుడు తిత్తి తానే ఊదేవాడు. కమ్మరి ఎడమ చేత పటకారు పట్టి, కుడి చేతి చిన్న సుత్తితో దెబ్బ పడవలసిన చోటు చూపుతుంటే, సమ్మెట ఎత్తి వేసేది కూడా ఆ రైతే. కూలి రొక్కంగా ఇవ్వడం తక్కువ. పంట చేతికి వచ్చినప్పుడు కళ్లంలో గింజలు కొలిచేవారు. కొలిమి కమ్మరిదే అయినా అందులోని నిప్పు ఊరందరి పొత్తు అన్నమాట.

అటువంటి కొలిమిని నేటి పట్టణపు పెరట్లో నిర్మించుకొనడం ఎట్లా, నిర్మించుకొన్నదానిని నలుగురు పంచుకొనడం ఎట్లా అన్నదే ఈ వ్యాస విషయం. మొదటి పని మాకు వారం రోజులలో ముగిసింది. రెండవ పనికి రెండేళ్ళు పట్టింది.

ఇనుము విషయంలో మన ప్రాంతానికి చిన్న చరిత్ర లేదు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో మట్టి మూసలలో ఉక్కు కరిగించేవారు. 1820 ప్రాంతాల వాయ్సీ అనే ఆంగ్ల భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని స్వయంగా చూసి వ్రాసిన వృత్తాంతం, ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది. ఆ ఉక్కు కోసం పారశీక వర్తకులు అంత దూరం నుండి వచ్చేవారు. మన ‘ఉక్కు’ అన్న మాటే ఆంగ్లంలో ‘ఊట్జ్’ అయినదని పలువురు పండితుల అభిప్రాయం. ఉర్దూ చదివే మన మిత్రులు దానినే ‘ఫౌలాద్’ అంటారు. ఆ మూసల పని ఇంటి కొలిమిలో సాధ్యమయ్యేది కాదు. ఇక్కడ చెప్పబోయేది కర్రు, కత్తి, ఉలి, గొళ్ళెం వంటి చిన్న పనుల సంగతి మాత్రమే.

మేము నలుగురం. నేను భౌతికశాస్త్ర బోధకుడను. ఒకరు వెల్డింగు పని చేసే పొరుగువారు, ఒకరు నా పూర్వ విద్యార్థి. నాల్గవ వారి తాతగారు నాల్‌బందు, అనగా ఎడ్లకు, గుర్రాలకు లాడాలు కొట్టే వృత్తివారు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది గనుక ఒక్కొక్క కాలికి రెండేసి లాడాలు కావలెనన్న సంగతి ఆయన చెప్పేవరకు నాకు తట్టలేదు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి ఏమి లాభం!

కొలిమికి మేము వాడినది పాత లారీ బ్రేకు డ్రమ్ము. దానిని నడుము ఎత్తు ఇటుక దిమ్మె మీద అమర్చి, అడుగున అంగుళంన్నర ఇనుప గొట్టం బిగించి, లోపల బంకమన్నులో వరి ఊక కలిపి మెత్తినాము. ఈ పూతను నాలుగైదు రోజులు నీడన ఆరనివ్వక తప్పదు. తడి ఆరకముందే నిప్పు పెడితే లోని నీరు ఆవిరై పూత పెచ్చులుగా లేచిపోతుంది. గాలికి చేతితో త్రిప్పే బ్లోవరు మేలు. కరెంటు బ్లోవరు మనం సుత్తి పట్టుకొని ఉన్నప్పుడు కూడా ఊదుతూనే ఉండి బొగ్గును వృథా చేస్తుంది. చేతి బ్లోవరు చేయి ఆగగానే ఆగుతుంది. ఇళ్ళ నడుమ రాక్షసి బొగ్గు పొగ పనికిరాదు గనుక సర్కారు తుమ్మ కర్ర బొగ్గు తెచ్చుకొన్నాము. దానికి నిప్పురవ్వలు ఎక్కువ. పైన రేకు కప్పు ఉండవలెను. గడ్డి కప్పు, ప్లాస్టిక్ పట్టా దరిదాపులలో కూడా ఉండరాదు.

దాగలి దగ్గర చాలామంది ఆగిపోతారు, కొత్త దాగలి వెల భరించరానిది గనుక. రైలు పట్టా ముక్క చక్కగా సరిపోతుంది. మన దేశపు రైలు పట్టాలలో ఒక రకం మీటరుకు 60 కిలోలు తూగుతుంది, కనుక అర మీటరు ముక్క అంటే 30 కిలోలు. దానిని పడుకోబెట్టక నిలువునా నిలిపి, కోసిన చివరనే పనిముఖంగా వాడితే దెబ్బ క్రింద బరువంతా ఉంటుంది, దెబ్బ వృథా కాదు. కాని ఒక హెచ్చరిక. రైల్వే ఆస్తిని అక్రమంగా కలిగి ఉండడం 1966 నాటి చట్టం ప్రకారం నేరం. పాత ఇనుము కొట్టులో దొరికినదని సంబరపడక, రైల్వేవారి వేలంలో కొన్నదో కాదో విచారించి, రసీదు తీసుకొని దాచుకొనవలెను.

దాగలి ఎత్తు విషయంలో మా మధ్య వాదం జరిగింది. మన కమ్మరులు కూర్చుని పని చేస్తారు గనుక వారి దాగలి నేలకు దగ్గరగా పాతి ఉంటుంది. మేము నిలబడి పని చేసేవారమని, చేయి వ్రేలాడదీసి పిడికిలి బిగిస్తే పిడికిలి ఎంత ఎత్తున ఉంటుందో అంత ఎత్తుకు తుమ్మ మొద్దు పాతి దాని మీద బిగించినాము. కాని నలుగురి ఎత్తులు నాలుగు విధాలు. చివరకు పొట్టివారి కొలతకు పాతి, పొడుగువారికి దాగలి క్రింద వేయడానికి రెండు అంగుళాల పలక చేసిపెట్టినాము.

ఇక ఇనుమును ఎరగడం. ఇల్లు కట్టే ఊచలలో కర్బనం తక్కువ. గొళ్ళేనికి, కొక్కేనికి అది చాలును గాని దానితో కత్తి చేస్తే పదును నిలువదు. లారీ కమాను పట్టీలో నూటికి సుమారు 0.6 వంతు కర్బనం ఉంటుంది, అందువల్ల పదును పట్టుతుంది. కాగే ఇనుము తన వేడిని రంగుతో చెబుతుంది. ముదురు ఎరుపు సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు, నారింజ 950 దరిదాపు, పసుపు 1100. తెల్లబడి చిటపటమని రవ్వలు చిమ్మితే ఇనుమే కాలిపోతున్నదని అర్థం. ఈ రంగులు నీడలోనే తెలుస్తాయి. ఎండలో పని చేసేవాడు ఎరుపును నలుపనుకొని మాడ్చుకొంటాడు.

పదును పెట్టేటప్పుడు కంటికి తోడు ఒక అయస్కాంతం ఉంచుకొనడం మంచిది. ఇనుము 770 డిగ్రీల వద్ద అయస్కాంతానికి అంటుకొనడం మానుతుంది. అంతకు కొంచెం పైకి వేడెక్కించి ముంచితే ఉక్కు బిరుసెక్కుతుంది. కమాను పట్టీని చన్నీటిలో ముంచరాదు. మా విద్యార్థి మిత్రుడు మూడు ఆదివారాలు శ్రమించి సాగగొట్టిన కత్తిని ఒక చలికాలపు ఉదయం నీటి తొట్టిలో ముంచగా, ‘టిక్’ మని చిన్న చప్పుడైంది. తీసి చూస్తే అంచు నుండి వెన్ను దాకా బీట. గోరువెచ్చని నూనె వాడి ఉంటే ఆ గతి పట్టకపోను. నూనె పాత్రకు ఇనుప మూత ప్రక్కనే ఉండవలెను, అంటుకొంటే కప్పడానికి. బిరుసెక్కిన ఉక్కు గాజు వలె పెళుసు గనుక దానిని రుద్ది మెరిపించి మళ్ళీ మెల్లగా కాచినప్పుడు ఎండుగడ్డి రంగు, గోధుమ వన్నె, ఊదా, నీలం వరుసగా ప్రాకుతాయి. కత్తికి సుమారు 230 డిగ్రీల గడ్డి రంగు వద్ద, ఉలికి సుమారు 280 డిగ్రీల ఊదా వద్ద ఆపుతాము. చల్లని ఉక్కు మీద ఆ రంగులు ప్రాకే దృశ్యం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరలేదు.

పాలియెస్టరు బట్టలు కట్టి నిప్పు దగ్గరకు పోరాదు, అవి కరిగి చర్మానికి అంటుకొంటాయి. నూలు బట్ట, కళ్ళజోడు, తోలు చెప్పులు, తోలు ముందుగుడ్డ చాలును. షాహ్‌నామాలో కావా అనే కమ్మరి క్రూరుడైన రాజు మీద తిరుగబడి ధ్వజంగా ఎత్తినది ఇటువంటి తోలు ముందుగుడ్డనే.

ఇంతవరకు సుఖంగానే సాగింది. మొదటి వేసవిలోనే పొత్తు చెడింది. బొగ్గు బస్తాలు ఉమ్మడి సొమ్ముతో కొన్నాము. ఒకరు నెలకు ఒక్క గంట పని చేస్తే మరొకరు ప్రతి సాయంకాలం కొలిమి రాజేసేవారు. బస్తా ఖాళీ అయినప్పుడల్లా ఎవరూ నోరు విప్పక ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవారము. పటకారులు ఇళ్ళకు వెళ్ళి తిరిగి రాలేదు. అన్నిటికీ మించి ఒకనాడు మాలో ఒకరు ఒంటరిగా వచ్చి పాత జి.ఐ. పైపును కొలిమిలో పెట్టినారు. ఆ పైపు మీది పూత జింకు. అది 907 డిగ్రీల వద్ద మరిగి తెల్లని పొగై లేస్తుంది. ఆ పొగ పీల్చినవారికి సాయంత్రానికి చలి, జ్వరం పట్టుకొన్నాయి. రెండు రోజులలో తగ్గినా, వారి ఇంటివారు నా గుమ్మం ముందు నిలిచి అడిగిన మాటలకు నా వద్ద సమాధానం లేకపోయింది. కొలిమి ఐదు నెలలు ఆరిపోయి ఉన్నది.

అప్పుడు మా ఊరి వృద్ధ కమ్మరి దగ్గరకు పోయినాను. ఆయన సొంత కొలిమి మూసి చాలా కాలమైంది. నేను చందా లెక్కల గొడవంతా ఏకరువు పెడితే ఆయన నవ్వి, “సారూ, అగ్గి అందరిది, బొగ్గు ఎవరిది వాళ్ళదే. మీరు ఉల్టా చేసిండ్రు” అన్నారు. “మరి ఒక్కడే వస్తే ఎట్లా పెద్దయ్యా?” అన్నాను. “ఒక్కడు వస్తే తిత్తి ఎవడు ఊదాలె? ఇద్దరు కూడేదాక అగ్గి పెట్టద్దు” అన్నారు.

బాల్యంలో చూసిన గంపెడు బొగ్గు సంగతి ఆయన చెప్పేదాకా నాకు గుర్తుకు రాకపోవడం సిగ్గుచేటు. ఇప్పుడు ఎవరి బొగ్గు వారు తెచ్చుకొంటారు. ఇద్దరు లేనిదే నిప్పు రాజుకోదు. చేతి బ్లోవరు కొన్నది పొదుపు కోసమే అయినా, రెండవ మనిషిని అదే రప్పిస్తున్నది. దాగలి, బ్లోవరు, నీటి తొట్టి ఉమ్మడివి. సుత్తి, పటకారు సొంతవి, పిడి మీద రంగు గుర్తుతో. వచ్చిన ఇనుము ఏదో, ఎక్కడిదో గోడకు వ్రేలాడదీసిన నోటుపుస్తకంలో వ్రాయకుండా కొలిమిలో పెట్టరాదు. పూత ఉన్నది, రంగు వేసినది, మూతబడిన గొట్టం అసలే పెట్టరాదు. మూతబడిన గొట్టంలోని గాలి వేడికి వ్యాకోచించి పగులగలదు. పొరుగువారికీ ఇందులో వాటా ఉన్నది. ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తరువాత సుత్తి మ్రోగదు. పరీక్షల నెలలో అసలే మ్రోగదు. బదులుగా వీధిలోని కత్తిపీటలు, గునపాలు కూలి లేకుండా సాన పట్టి ఇస్తున్నాము.

ఇనుముకు ఇనుము అతికే విద్య, కొలిమి వేడితోనే తప్ప వెల్డింగు యంత్రంతో కాని అతుకు, మా నలుగురిలో ఎవరికీ రాదు. తెల్లని వేడికి, కాలిపోవడానికి నడుమ ఉండే ఆ క్షణాన్ని ఏ పుస్తకమూ చూపలేదు. పెద్దయ్య చూపు మందగించినా రంగు ఇంకా గుర్తుపట్టగలనంటున్నారు. వచ్చే మాఘంలో వచ్చి చూపుతానన్నారు. ఆయన పక్కన సమ్మెట వేయడానికి బలమైన చేతులు రెండు జతలు కావాలట. మన విద్యార్థులలో ఎవరికైనా ఇష్టముంటే ఆదివారం ఉదయం తొమ్మిదికి రావచ్చును. గంపెడు బొగ్గు తెచ్చుకొనవలెను.