పన్నెండు సైకిళ్లు... సాగర్‌ దాకా!

‘డిసెంబర్‌ సెలవుల్లో అందరం సైకిళ్ల మీద నాగార్జునసాగర్‌ వెళ్దాం, దారిలో టెంట్లు వేసుకుందాం’... కాలేజీ వాట్సాప్‌ గ్రూపులో ఈ మెసేజ్‌ పడిందంటే చాలు, వరసగా ‘నేను రెడీ’లు పడిపోతాయి. వారం తిరిగేసరికి గ్రూపులో చప్పుడుండదు. ఉత్సాహం అందరికీ ఉంటుంది, లెక్కలు వేసేవాళ్లే ఉండరు. ఆ లెక్కల పని మీరు తీసుకోండి. ఎలాగో చూద్దాం.

హైదరాబాద్‌ నుంచి ఇబ్రహీంపట్నం, మాల్‌, కొండమల్లేపల్లి మీదుగా సాగర్‌ సుమారు 150 కిలోమీటర్లు. ‘గంటకి ఇరవై తొక్కినా ఏడున్నర గంటలే, ఒక్క రోజులో కొట్టేద్దాం’ అనేవాడు ప్రతి గ్రూపులో ఒకడుంటాడు. వాడి మాట వినకండి. ఒక్కడే, ఖాళీ సైకిల్‌ మీద, పొద్దున్నే గంటసేపు తొక్కినప్పటి వేగం అది. సామాను కట్టిన మామూలు సైకిళ్లు, పన్నెండుమంది, పంక్చర్లు, చాయ్‌ బ్రేకులు అన్నీ కలిపితే గంటకి 12, 13 కిలోమీటర్లు వస్తే గొప్ప. అంటే పన్నెండు గంటల పని. డిసెంబర్‌ చివర్లో మనకి ఆరున్నర దాటాక గానీ తెల్లవారదు, సాయంత్రం ఆరులోపే పొద్దు గూకుతుంది. ఒక్క రోజులో అనుకున్నారంటే చివరి గంట చీకట్లో, లారీల మధ్య తొక్కాలి. అప్పుడు వెనకపడేది గ్రూపులో అందరికంటే అలసిపోయిన మనిషే. బ్రెవె రైడ్లలో 200 కిలోమీటర్లకి ఇచ్చే గడువే పదమూడున్నర గంటలు. అవి తొక్కేవాళ్లు చాలావరకు అలవాటున్నవాళ్లు, టెంట్లు మోసుకుపోరు. కాబట్టి మీది రెండు రోజుల ప్రయాణం, రోజుకి 75 కిలోమీటర్లు.

ఈ ప్లాన్‌ మొత్తానికి మూలం ఒక్కటే అంకె: మీలో అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగం. సగటు కాదు. సగటు తీస్తే బాగా తొక్కేవాళ్లు ముందుకెళ్లిపోయి చెట్టుకింద కూర్చుంటారు. వెనకవాళ్లు రాగానే వీళ్లు లేస్తారు. అంటే విశ్రాంతి నిజంగా కావలసినవాళ్లకే అది దొరకదు! ఈ అంకె తెలియాలంటే రెండు వారాల ముందు ఓ ఆదివారం ఎల్‌బీనగర్‌ నుంచి ఇబ్రహీంపట్నం దాకా వెళ్లి రండి. రానూపోనూ నలభై కిలోమీటర్ల పైచిలుకు. క్యారియర్‌ మీద పూర్తి సామాను కట్టుకునే వెళ్లాలి. ఎవరికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. వీపుకి బ్యాగ్‌ తగిలించుకుని వచ్చినవాళ్లు ఆ సాయంత్రమే ‘దీన్ని క్యారియర్‌కి కట్టేద్దాం’ అంటారు, మీరు చెప్పక్కర్లేదు.

రోడ్డు మీద నెమ్మదిగా తొక్కేవాళ్లని ముందు వరసలో రెండో స్థానంలో ఉంచండి. అందరికంటే గట్టివాడిని చివర్న పెట్టండి. పంపు, పంక్చర్‌ కిట్‌, ఫస్ట్‌ ఎయిడ్‌ ఆ చివరి మనిషి దగ్గరే ఉండాలి. ఆగిపోయిన సైకిల్‌ని ఎలాగూ చేరుకునేది అతనే కదా. ప్రతి కూడలి దగ్గరా చివరి మనిషి వచ్చేదాకా ఎవరూ కదలకూడదు. సిగ్నల్‌ లేని చోట ఫోన్ల కంటే ఈ నియమమే పనికొస్తుంది. పన్నెండుమంది దాటితే రెండు గ్రూపులు చేయండి.

ఇక ఎత్తుపల్లాల సంగతి. సాగర్‌ పూర్తిస్థాయి నీటిమట్టం 590 అడుగులని పేపర్లో ఏటా చదువుతూనే ఉంటాం. ఆ లెక్క సముద్రమట్టం నుంచి, అంటే 180 మీటర్లు. హైదరాబాదేమో 540 మీటర్ల దగ్గర ఉంది. వెళ్లేటప్పుడు మధ్యలో ఎక్కుళ్లు తగిలినా, మొత్తం మీద మూడొందల మీటర్లకి పైగా దిగుతాం. ‘ఇంత ఈజీనా, వచ్చేటప్పుడూ తొక్కేద్దాం’ అనిపించేది అక్కడే. తిరుగుప్రయాణంలో అదంతా ఎక్కాలి, అదీ రెండు రోజుల ఒళ్లునొప్పులతో. మొదటిసారి వెళ్లే గ్రూపు వెనక్కి డీసీఎంలో రావడమే మంచిదని నా అభిప్రాయం. ఇందులో నామోషీ ఏమీ లేదు.

‘సాగర్‌ ఎందుకు, శ్రీశైలం వెళ్దాం, అడవి బాగుంటుంది’ అనేవాళ్లూ ఉంటారు. ఆ దారి అమ్రాబాద్‌ పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలనే వదలరు. మీ టెంట్లకి చోటెక్కడ?

సాగర్‌ దారిలోనూ ఎక్కడపడితే అక్కడ టెంట్‌ వేస్తామంటే కుదరదు. మాల్‌ దాటాక కొండమల్లేపల్లి లోపు ఏదో ఒక ఊళ్లో బడి ఆవరణో, గుడి పక్క స్థలమో చూసుకోవాలి. వారం ముందే ఇద్దరు బైక్‌ మీద వెళ్లి సర్పంచ్‌నో, హెడ్మాస్టర్‌నో కలిసి అడగండి. ఫోన్లో అడిగితే ‘చూద్దాం’ అంటారు, ఎదురుగా నిలబడి అడిగితే జవాబు తేలిపోతుంది. నీళ్లున్నాయా, బాత్రూమ్‌కి తలుపూ గొళ్లెం ఉన్నాయా, రాత్రి లైటు ఉంటుందా... ఈ మూడూ కళ్లతో చూసి రండి. గ్రూపులో అమ్మాయిలుంటే వాళ్లలో ఒకరు ఆ ఇద్దరిలో ఉండాలి. పేర్లు, ఫోన్‌ నంబర్లు, ఇంటివాళ్ల నంబర్లతో ఒక కాగితం ఆ ఊరి పోలీస్‌స్టేషన్లో, ఇంకోటి ప్రతి ఇంట్లో ఇవ్వండి. ‘ఎక్కడ పడుకుంటారు?’ అని ఏ అమ్మో అడిగినప్పుడు, ఊరి పేరు, పెద్దమనిషి నంబరు చెప్పగలిగితే సగం అనుమతులు అప్పటికప్పుడే వచ్చేస్తాయి. ఇక క్యాంప్‌ఫైర్‌ సరదా ఉంటే మానుకోండి. ఆ కాలంలో చుట్టుపక్కల ఎండిన పత్తికట్టె, గడ్డి ఉంటాయి. వంటసామాను మోయడం కూడా దండగే, దారంతా టిఫిన్‌ సెంటర్లున్నాయి.

నీళ్ల లెక్క మాత్రం గట్టిగా వేయండి. చలికాలమైనా పది దాటితే ఎండ తగులుతుంది. మనిషికి గంటకి కనీసం అర లీటరు వేసుకున్నా, పన్నెండుమందికి ఆరు గంటలకి 36 లీటర్లు. అంత మోయలేం. కాబట్టి 20 కిలోమీటర్లకోసారి ఎక్కడ నింపుకోవాలో మ్యాప్‌లో ముందే గుర్తుపెట్టి, ఆఫ్‌లైన్‌లో దాచుకోండి. ఓఆర్‌ఎస్‌ అంటే మెడికల్‌ షాపులో దొరికే పొడి ప్యాకెట్‌. ఆ పేరు తగిలించి అమ్మే పళ్లరసం డబ్బా కాదు. అలా పేరు పెట్టొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది కూడా. ప్యాకెట్‌ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్‌ ఉప్పు. కొలత తప్పకూడదు.

తర్వాత ట్యూబులు. పెద్దగా ఎవరూ పట్టించుకోరు గానీ, సగం ట్రిప్పులు ఆగేది ఇక్కడే అనిపిస్తుంది నాకు. పన్నెండు సైకిళ్లకి నాలుగు రకాల టైర్‌ సైజులుండొచ్చు: 26, 27.5, 28, 700సి. వాల్వులూ మూడు రకాలు. నాన్నల కాలం నల్ల సైకిల్‌కి ఒకటి, బైక్‌ ట్యూబుకి ఉండేలాంటిది ఇంకొకటి, సన్నగా పొడుగ్గా కొనకి చిన్న నట్టుతో ఉండే ప్రెస్టా మూడోది. పెట్రోల్‌ బంకులో గాలి పట్టేది బైక్‌ రకానికే. ప్రెస్టా ట్యూబ్‌ పల్లెటూరి పంక్చర్‌ షాపులో దొరకడం కష్టం. అందుకే ఎక్సెల్‌లో ఒక షీటు తెరవండి: పేరు, టైర్‌ సైజు, వాల్వ్‌ రకం, క్యారియర్‌ ఉందా, వెనక ఎర్ర లైటు ఉందా. సైజుకి రెండేసి ట్యూబులు, అన్ని వాల్వులకీ సరిపోయే పంపు ఒకటి కొనండి.

అదే షీటులో ఇంకో పేజీ డబ్బులకి. తలా ఇంత అని ముందే వసూలు చేయాలి. లెక్క ఒకరు రాయాలి, డబ్బు ఇంకొకరి దగ్గర ఉండాలి. మొత్తంలో పదో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టండి. సిగ్నల్‌ లేకపోతే ఫోన్‌పే కూడా ఉండదు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

ఈ షీటుని ట్రిప్పయ్యాక డిలీట్‌ చేయకండి. రెజ్యూమెలో ‘టీమ్‌ వర్క్‌, లీడర్‌షిప్‌’ అని రాయనివాళ్లెవరు? ‘12 మంది, 2 రోజులు, 150 కిలోమీటర్లు, అనుకున్న ఖర్చు ఇంత, అయిన ఖర్చు ఇంత’ అని రాసినవాళ్లని ఇంటర్వ్యూలో ఎవరైనా రెండో ప్రశ్న అడుగుతారు. ఆ రెండో ప్రశ్న మీకు జవాబు తెలిసిన చోట నుంచే వస్తుంది. ‘ఎవరో రాలేనంటే ఏం చేశారు? ఆ ఊరివాళ్లు కాదంటే రెండో చోటు ఉందా?’ అని అడగొచ్చు. ఉండాలి మరి, షీటులో రెండో ఊరి పేరు కూడా రాసిపెట్టుకోండి.

సాగర్‌ చేరాక ఒక్క మాట: రిజర్వాయర్‌లోకి దిగొద్దు, అలసిన కాళ్లతో అసలొద్దు. లాంచీలో నాగార్జునకొండ చూసి రండి. మధ్యాహ్నానికి డీసీఎం వచ్చేలా బయల్దేరే ముందే మాట్లాడుకుని, అడ్వాన్స్‌ ఇచ్చి ఉండాలి. తాళ్లు, పాత గోనెసంచులు తెమ్మని డ్రైవర్‌కి చెప్పండి. సైకిల్‌కీ సైకిల్‌కీ మధ్య గోనె వేసి, హ్యాండిళ్లు పక్కకి తిప్పి కడితే పన్నెండూ గీతలు పడకుండా ఇళ్లకి చేరతాయి.