శునకమాత మొఱ

నన్నయభట్టు ఆదిపర్వారంభముననే సరమ కథను జెప్పెను. నిరపరాధియగు తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ దేవశుని రాజునే నిలదీసెను.

మొన్న మా పామఱ్ఱులో నొకరి యింట నాకా కథ జ్ఞప్తికి వచ్చినది. వారు జాతికుక్క పిల్లలను నెల నిండకయే యమ్మివేసిరి. తల్లి మూడు దినములు కూడు ముట్టక వాకిటనే కూర్చుండెను.

కుక్కలను బెంచి యమ్ముట తప్పు గాదు. కాని యది తల్లి కడుపుతో జేయు వర్తకమని మఱవరాదు. 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నిబంధనల ప్రకారము, ఇట్టివారు రాష్ట్ర జంతుసంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకొనవలెను. 18 నెలలు నిండని కుక్కను, 8 ఏండ్లు దాటినదానిని జతగూర్చరాదు. ఏడాదికొక యీత, జీవితమున నైదీతలు మించరాదు. 8 వారములు నిండనిదే పిల్ల నమ్మరాదు. ఆ వారములలోనే కూన తల్లిపాలును, తోడికూనలతో మెలగు నేర్పును బొందును.

ఇది కనీసధర్మము మాత్రమే. తల్లిదండ్రులను రెంటిని ముందుగా పశువైద్యునకు జూపవలెను. తుంటికీలు లోపము వంటి వంశవ్యాధులున్నచో జతగూర్చరాదు. మన కృష్ణాతీరపు టెండలకు దాళలేని దట్టపుబొచ్చు జాతుల జోలికి బోరాదు. కొనువారి యింటిని, ఓపికను విచారింపవలెను. వారు పోషింపలేనిచో పిల్లను మరల దెచ్చుకొనవలెను. ఇంత చేసిన పిదప లాభము స్వల్పమే మిగులవచ్చును. అందుకు సమ్మతింపనివారు ఈ పనికి బూనకుండుటయే మేలు.

సరమకు వాక్కు గలదు. మన వాకిటి కుక్కకు లేదు. కావున దాని పక్షమున నేనే యా యిల్లాలి నడిగితిని. ఆమె కొంతసేపు తలవంచుకొని, "ఈ యేడు దానిని విశ్రమింపనిత్తము, అక్కయ్యగారూ!" అనెను.