కిలో కూడా తూగని ఉపగ్రహం

స్టడ్‌శాట్ మన దేశపు తొలి పికో ఉపగ్రహం. బరువు కిలో లోపే. పొడవు, వెడల్పు పదేసి సెంటీమీటర్లు, ఎత్తు పదమూడున్నర. హైదరాబాద్, బెంగళూరుల్లోని ఏడు ఇంజినీరింగ్ కాలేజీల విద్యార్థులు కలిసి దీన్ని తయారుచేశారు. ముందుండి నడిపింది బెంగళూరులోని నిట్టె మీనాక్షి కాలేజీ. హైదరాబాద్ వైపు నుంచి గండిపేటలోని సీబీఐటీ, దుండిగల్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోనాటికల్ ఇంజినీరింగ్, దేశ్‌ముఖిలోని విజ్ఞాన్ చేయి కలిపాయి. 2010 జూలై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ15లో ఇది కక్ష్యకు చేరింది. ఆ ప్రయోగం అసలు ఉద్దేశం దాదాపు 690 కిలోల కార్టోశాట్-2బి ఉపగ్రహాన్ని పంపడం. రాకెట్‌లో మిగిలిన చోటులో ఈ బుల్లి పెట్టె సర్దుకుంది.

ఇంత చిన్నగా కట్టడానికి కారణం ఖర్చు ఒక్కటే కాదు. పెద్ద ఉపగ్రహం పూర్తయ్యేలోపు విద్యార్థుల చదువే అయిపోతుంది. ఆ ఇబ్బంది చూసే 1999లో కాలిఫోర్నియాలో బాబ్ ట్విగ్స్, జోర్డి పుయిగ్-సువారి అనే ఇద్దరు ఆచార్యులు పది సెంటీమీటర్ల ఘనాన్ని కొలతగా పెట్టారు. అదే క్యూబ్‌శాట్. స్టడ్‌శాట్ కూడా ఇంచుమించు ఆ పరిమాణమే.

పరిమాణం తగ్గింది గానీ పనులేవీ తగ్గలేదు. దాదాపు 97 నిమిషాలకోసారి భూమిని చుట్టే ఉపగ్రహం ప్రతి చుట్టులోనూ కొంతసేపు నీడలోకి వెళ్తుంది. అప్పుడు బ్యాటరీయే దిక్కు. ఎండలోకి రాగానే సౌర ఘటాలు దాన్ని మళ్లీ నింపాలి. రోజుకు పదిహేనుసార్లు ఇదే తంతు. పైన గాలి ఉండదు కాబట్టి చిప్‌లు వేడెక్కితే ఫ్యాన్ పెట్టి లాభం లేదు, ఆ వేడి కిరణాలుగా బయటికి పోవాల్సిందే. ఉపగ్రహంలోని కెమెరా భూమివైపు తిరగాలంటే రాగి తీగ చుట్టల్లో కరెంటు పంపుతారు. భూమి అయస్కాంత క్షేత్రం ఆ చుట్టలను నెట్టి పెట్టెను తిప్పుతుంది.

ఆ కెమెరాకు ఒక్కో చుక్క అంటే నేల మీద 90 మీటర్లు. జూబ్లీహిల్స్‌ను ఫొటో తీస్తే కేబీఆర్ పార్కు పది పదిహేను చుక్కల వెడల్పున మచ్చలా తెలుస్తుంది. చెక్‌పోస్ట్ కూడలి ఆనవాలు కూడా దొరకదు. నిజానికి ఇస్రోకు ఈ ఫొటోల అవసరమేమీ లేదు. చిన్న పెట్టెలో కుదించిన సరంజామా కక్ష్యలో పనిచేస్తుందా, కింద నుంచి దానితో మాట్లాడగలమా అన్నదే అసలు పరీక్ష. అందుకే ఎగరకముందే ఉపగ్రహాన్ని రాకెట్ కుదుపులకు సరితూగేలా వైబ్రేషన్ టేబుల్ మీద ఊపి చూస్తారు, గాలి తీసేసిన గదిలో వేడికీ చలికీ గురిచేస్తారు. ఒక్క సోల్డరింగ్ ఊడినా పైకెళ్లి అతికించేవాళ్లెవరూ ఉండరు మరి. ఉపగ్రహం నెత్తిమీదుగా వెళ్లేది మహా అయితే పది పన్నెండు నిమిషాలు. సమాచారం అందుకోవడం, ఆదేశాలు పంపడం ఆలోపే జరిగిపోవాలి.

ఆ తరం విద్యార్థుల్లో కొందరికి ఇదే వృత్తి అయింది. చెన్నై ఎస్‌ఆర్‌ఎం విద్యార్థుల ఎస్‌ఆర్‌ఎంశాట్ 2011 అక్టోబరు 12న ఎగిరింది. దాని మీద పనిచేసిన సంజయ్ నెక్కంటి తర్వాత ధ్రువ స్పేస్‌ను నెలకొల్పారు. ఆ సంస్థ తయారుచేసిన థైబోల్ట్-1, థైబోల్ట్-2 ఉపగ్రహాలు 2022 నవంబరు 26న పీఎస్‌ఎల్‌వీ-సీ54లో వెళ్లాయి. అవి స్టడ్‌శాట్ కన్నా చిన్నవి. హామ్ రేడియో వాళ్లు ఒకచోట పంపిన సందేశాన్ని దాచుకుని, మరోచోటికి చేరాక కిందికి పంపడం వాటి పని.