రాహులోవాదం – దుఃఖంలోని బిడ్డ ఆడే అబద్ధం

రాజస్థాన్‌లోని బైరాట్ వద్ద 1840లో వెలుగుచూసి, నేడు కోల్‌కతా ఏషియాటిక్ సొసైటీలో ఉన్న అశోకుని శాసనం సంఘానికి ఏడు ధర్మపాఠాలను సూచిస్తుంది. వాటిలో ఒకటి అసత్యం గురించి బుద్ధుడు రాహులునికి చేసిన ఉపదేశం. మజ్ఝిమ నికాయంలోని 61వ సుత్తం ఇదేనని పండితుల గుర్తింపు. పిల్లల అబద్ధాన్ని, ముఖ్యంగా దుఃఖంలో ఉన్న బిడ్డ అబద్ధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ సుత్తం నేటికీ ఉపకరిస్తుంది.

తండ్రిని కోల్పోయిన బిడ్డ తోటివారితో “నాన్న ఊరికి వెళ్లాడు” అనడం మోసబుద్ధితో కాదు. నిజం పలికితే మరణం ఖాయమవుతుందన్న భయం, జాలిచూపులు తప్పించుకోవాలన్న ఆరాటం, తల్లిని మళ్లీ ఏడిపించరాదన్న జాగ్రత్త ఆ మాట పలికిస్తాయి. ఆపై పశ్చాత్తాపం రెండు విధాలుగా బాధిస్తుంది. అబద్ధమాడానన్నది ఒకటి, తాను కోపంలో అన్న మాటవల్లనే చావు వచ్చిందన్న ఊహ మరొకటి.

పాదాలు కడుగుకొన్న పాత్రలో మిగిలిన కాసిని నీళ్లు చూపి, తెలిసి అబద్ధమాడి సిగ్గుపడనివారి శ్రామణ్యం అంత స్వల్పమన్నాడు బుద్ధుడు. ఆయన నిందించినది సిగ్గులేనితనాన్ని. పశ్చాత్తాపపడే బిడ్డ ఆ కోవలోకి రాడు. అద్దంలో చూసుకొన్నట్లు ప్రతి మాటను ముందు, పలికేటప్పుడు, తరువాత పరిశీలించుకొమ్మని, కీడైనదాన్ని గురువుకో విజ్ఞులైన సహచరులకో తెలిపి ఇకపై నిగ్రహించుకొమ్మని ఆయన బోధించాడు. అందులో శిక్ష ప్రసక్తి లేదు.

తెలుపుకోవాలంటే వినేవారుండాలి. బిడ్డ నోరు విప్పినప్పుడే అబద్ధపు బరువు దిగుతుంది. “ఆ చావు నీ మాటవల్ల రాలేదు” అని పెద్దలు చెప్పే వీలూ అప్పుడే కలుగుతుంది.